పొట్టలో ఇడ్లీని కనిపెట్టే కెమెరా

మల్కాజ్‌గిరిలో ఛాతీలో మంటన్నా, పుల్లటి తేన్పులన్నా, కడుపు ఉబ్బరమన్నా ఒకటే మాట: "గ్యాస్ పట్టింది". తిన్నది కిందికి దిగుతోందా, అక్కడే నిలిచిపోయిందా? చేత్తో తడిమి చెప్పగలిగేది కాదు.

ఇక్కడికి దగ్గర్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది 1958లో. మన తిండిలో ఏముందో లెక్కగట్టిన సంస్థ అది. ఆ తిండి పొట్టలో ఎంతసేపు ఉంటుందో చూపించగల యంత్రం గురించి కాలిఫోర్నియాలోని బర్కిలీలో హాల్ యాంగర్ ప్రపంచానికి చెప్పిందీ అదే ఏడాది. దాని పేరు గామా కెమెరా. గామా కిరణం తగిలితే మినుక్కుమనే సోడియం అయొడైడ్ స్ఫటికం, ఆ మెరుపును పట్టే ఏడు గొట్టాలు. తొలి కెమెరా అంతే. ఏ గొట్టానికి ఎంత వెలుగు అందిందో పోల్చి, కిరణం తగిలిన చోటును లెక్కగడుతుంది.

ఆ కిరణాలిచ్చేది తిండిలో కలిపే టెక్నీషియం. ఆరు గంటల్లో సగమైపోయే పదార్థం కాబట్టి నిలవ ఉండదు. అందుకే ఆసుపత్రుల్లో టెక్నీషియంగా మారుతూ ఉండే మాలిబ్డినం ఉన్న సీసపు డబ్బాలోంచి ఉప్పునీటితో దాన్ని తీస్తారు. ఆ పనిని 'పితకడం' అంటారు, డబ్బాను 'ఆవు' అంటారు. పాడి తెలిసిన మనకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

పితికినదాన్ని రెండు గుడ్ల తెల్లసొనలో కలిపి వండి, రొట్టె, జామ్‌తో పెట్టడం 2008 నుంచి ప్రామాణిక పద్ధతి. దక్షిణాదిలో ఇడ్లీతోనూ చేసి చూశారు. రోజూ తినే తిండితోనే పరీక్షించడం సబబని నా నమ్మకం. తిన్న వెంటనే ఒక బొమ్మ, తర్వాత ఒకటి, రెండు, నాలుగు గంటలకు ఒక్కోటి. తెర మీద పొట్ట కొడవలిలా వెలుగుతుంది, గంట గంటకూ మసకబారుతుంది. నాలుగు గంటలకూ పదో వంతు కంటే ఎక్కువ మిగిలితే పొట్ట మందగించినట్టు.

ఆమ్లం పైకి తన్నకుండా చేసే శస్త్రచికిత్సకు ఈ బొమ్మలు బాగా పనికొచ్చాయి. 1955లో బాసెల్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ కండువాలా చుట్టి కుట్టాడు. మంట తగ్గింది. కానీ అన్నం లోపలికి రాగానే వదులై చోటిచ్చే భాగం అదే. దాన్ని చుట్టేస్తే ఆ సాగుడు తగ్గుతుంది, తిండి తొందరగా కిందికి జారుతుంది. చాలామందిలో ఆపరేషన్ తర్వాత పొట్ట వేగంగా ఖాళీ కావడాన్ని కెమెరా చూపింది. అంతకుముందు మందగించిన పొట్టలకు ఇది మేలే. వేగం మరీ ఎక్కువైతే మాత్రం భోంచేసిన కాసేపటికే చెమటలు, గుండెదడ. ఆపరేషన్‌లో, పొట్ట కదలికల్ని నడిపే వేగస్ నరం దెబ్బతింటే కథ తిరగబడుతుంది: తిండి కదలదు, కడుపు ఉబ్బుతుంది, చుట్టి కుట్టినందువల్ల తేన్పూ రాదు.

ఉబ్బరంతో వచ్చిన ఇద్దరు పైకి ఒకేలా ఉంటారు. ఒకరి తెర మీద గంటకే పొట్ట దాదాపు చీకటి. ఇంకొకరిది నాలుగో గంటకీ వెలుగుతూనే ఉంటుంది.