గద్యావగాహనలో ప్రధానభావ నిర్ణయం: తాత్పర్యలింగాల అన్వయం

తెలుగు తరగతిలో 'తాత్పర్యం' అన్న మాట పద్యార్థాన్ని వచనంలో తిరిగి చెప్పడానికే పరిమితమైంది. శాస్త్రంలో దాని పరిధి వేరు. వాక్యసముదాయం మొత్తంగా ఏ అర్థాన్ని ఉద్దేశిస్తున్నదో అదే తాత్పర్యం. అపరిచిత గద్యాన్ని ఇచ్చి ప్రధానభావాన్ని అడిగినప్పుడు విద్యార్థి వెతకవలసింది దానినే.

ఈ అన్వేషణలో తరచు కనిపించే పొరపాటు విషయాన్నీ భావాన్నీ ఒకటిగా తలచడం. 'చెరువులు' అన్నది విషయం. చెరువుల గురించి రచయిత చేసే ప్రతిపాదన భావం. మొదటిదానికి ఒక పదం చాలు, రెండవదానికి వాక్యం కావాలి. తొలి వాక్యమే ప్రధానవాక్యమన్న సూత్రం మరొక చిక్కు. పూర్వపక్షంతో మొదలయ్యే వ్యాసానికి అది చెల్లదు. ఉదాహరణకు ఈ కల్పిత గద్యం:

"బోరుబావులు వచ్చాక మెట్టపొలాల్లోనూ వరి పండింది. ఇక చెరువుతో పనిలేదని రైతులు భావించారు. పూడిక తీసేవారు లేక చెరువు మేటవేసింది. కొన్నేళ్లకు బోర్లూ ఎండిపోయాయి. ఇన్నాళ్లూ భూమిలోకి నీటిని ఇంకించినది ఆ చెరువేనని అప్పుడుగాని తెలియలేదు."

తొలి వాక్యాన్ని నమ్ముకున్న విద్యార్థి 'బోరుబావుల ప్రయోజనం' అని రాస్తాడు. నిజానికి ప్రధానభావం 'చెరువును విడిచిపెడితే బోరు కూడా దక్కదు' అన్నది. ఈ వాక్యం గద్యంలో ఎక్కడా లేదు.

తాత్పర్య నిర్ణయానికి మీమాంసా వేదాంత సంప్రదాయాలు ఆరు లింగాలను చెప్పాయి: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. సదానందుని వేదాంతసారం వీటిని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయానికి అన్వయించి చూపింది. అక్కడ మహావాక్యం తొమ్మిదిసార్లు ఆవృత్తం కావడమే అభ్యాసం.

పై గద్యంలో 'చెరువు' మూడు వాక్యాల్లో మళ్లీమళ్లీ వస్తుంది; అది అభ్యాసం. బోర్లు ఎండిపోవడం ఉపపత్తి. చెరువుకూ బోరుకూ ఉన్న సంబంధం పాఠకునికి కొత్తగా తెలిసే అంశం, అంటే అపూర్వత. మెట్టలో వరి పండడాన్ని అర్థవాదమనడం సాగదీతే అవుతుంది. ఐదు వాక్యాల గద్యంలో ఆరు లింగాలూ దొరకాలన్న పట్టుదల అనవసరం. ఉపక్రమోపసంహారాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఉపనిషత్తులో ఆద్యంతాలు ఒకే అర్థాన్ని చెబుతాయి. ఇక్కడ అంతం ఆదిని ఖండిస్తుంది. అయినా రెండింటినీ కలిపి చదవాలన్న నియమం నిలుస్తుంది, ఎందుకంటే ఆ ఖండనలోనే రచయిత ఉద్దేశం బయటపడుతుంది.

ఈ చర్చ మూల్యాంకనాన్నీ తాకుతుంది. జవాబుల సూచికలో గద్యంలోని వాక్యాన్నే ప్రధానభావంగా ఇస్తే, తాత్పర్యాన్ని గ్రహించి సొంత వాక్యం రాసిన విద్యార్థికే మార్కు పోతుంది.