ఫైలు ఉంది, జాబితాలో పేరు లేదు

"సార్, లైబ్రరీ ఫైలు ఇదిగో, కళ్లెదుటే ఉంది. దొరకలేదంటుందేంటి?" లినక్స్ ల్యాబ్‌లో సోర్స్ నుంచి ప్యాకేజీ బిల్డ్ చేసే పిల్లల్లో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ సాఫీగా నడుస్తాయి. తీరా ప్రోగ్రామును రన్ చేయబోతే ఎర్రర్! నాకెంతో ఇష్టమైన ప్రశ్న ఇది.

మనమేమీ చెప్పకపోతే కాన్ఫిగర్ స్క్రిప్టు లైబ్రరీలను యూఎస్ఆర్ కింద లోకల్‌లో ఉన్న లిబ్ డైరెక్టరీకి పంపుతుంది. యూఎస్ఆర్‌లోనే నేరుగా ఉన్న లిబ్ ప్యాకేజీ మేనేజరుది. అది పెట్టిన ఫైళ్లను మనం చెరపకుండా, మనవి అది చెరపకుండా ఈ హద్దు.

ప్రోగ్రాము మొదలవగానే దానికి కావలసిన లైబ్రరీలను తెచ్చి కలిపేది డైనమిక్ లోడర్. అది డిస్కంతా గాలించదు. ముందు ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్ చూస్తుంది, తర్వాత ప్రోగ్రాములోనే రాసి ఉన్న రన్‌పాత్, ఆపైన ఎల్‌డీకాన్ఫిగ్ ముందే తయారుచేసి ఉంచిన క్యాష్ ఫైలు. ఊళ్లో సొంతిల్లు ఉన్నా ఓటర్ల జాబితాలో పేరెక్కకపోతే బూత్‌లో ఓటుండదు. లైబ్రరీ సంగతీ అంతే. డెబియన్, ఉబుంటులలో లోకల్ లిబ్ ముందే ఎల్‌డీకాన్ఫిగ్ చూసే చోట్లలో ఉంటుంది కాబట్టి ఆ కమాండు ఒక్కసారి నడిపితే చాలు. ఫెడోరాలో ఆ డైరెక్టరీ పేరును మనమే సెట్టింగుల్లో చేర్చాలి.

అసలు తెలివి లైబ్రరీ పేరులో ఉంది. జీన్ లూ గైలీ, మార్క్ ఆడ్లర్ రాసిన జెడ్‌లిబ్‌నే చూడండి. డిస్కు మీద ఫైలు పేరు చివర 1.3.1 అని పూర్తి వెర్షన్ ఉంటుంది. ఫైలు లోపల మాత్రం తన పేరు "లిబ్‌జెడ్ డాట్ ఎస్ఓ డాట్ 1" అని రాసుకుని ఉంటుంది. దీన్నే సోనేమ్ అంటారు. బిల్డ్ సమయంలో లింకర్ మన ప్రోగ్రాములో రాసేది ఈ పొట్టి పేరునే. ఎల్‌డీకాన్ఫిగ్ ఆ పేరుతో ఒక సింబాలిక్ లింకు పెట్టి అసలు ఫైలు వైపు తిప్పుతుంది. రేపు కొత్త విడుదల వస్తే లింకు అటు తిరుగుతుంది, ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు! పాత ప్రోగ్రాములు పనిచేయనంత మార్పు వస్తే సోనేమ్‌లో 1 కాస్తా 2 అవుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఎవరికి కావలసింది వారికి. ఇంత చిన్న ఏర్పాటు ఇంత బరువు మోయడం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

లినక్స్ తొలినాళ్ల ఏ డాట్ అవుట్ ఫార్మాట్‌లో ప్రతి షేర్డ్ లైబ్రరీకీ మెమరీలో ఒక స్థిరమైన చిరునామా కేటాయించాల్సి వచ్చేది. 1990ల మధ్యలో లినక్స్‌లోకి వచ్చిన ఈఎల్ఎఫ్ ఫార్మాట్ ఆ బెడద తీర్చింది. ఆ తర్వాత ఎల్కో డోల్‌స్ట్రా నిక్స్ అనే ప్యాకేజీ మేనేజరుతో ఉమ్మడి డైరెక్టరీనే వద్దన్నాడు: ప్రతి ప్యాకేజీకీ హ్యాష్ తగిలించిన సొంత చోటు, ప్రోగ్రాములోనే రాసిన దారి. గొడవలుండవు. అయితే జెడ్‌లిబ్‌లో భద్రతా లోపం సరిదిద్దితే, మామూలుగా దాని మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ బిల్డ్ కావాలి. అందుకే నేను సోనేమ్ పక్షం.

మీకు నమ్మకమున్న ఏ ప్రోగ్రాము మీదైనా ఎల్‌డీడీ కమాండు నడిపి చూడండి. ఏ లైబ్రరీ ఏ డైరెక్టరీ నుంచి వస్తోందో వరుసగా చూపిస్తుంది.