ఓటమి - అధికారం: ఒక ప్రశ్నకు జవాబు

కోరుకొండలో ఒక సాయంత్రం మన్యం తిరుగుబాట్ల గురించి మాట్లాడాను. మన సభల్లో తరచు వినిపించే మాటతోనే ముగించాను: ఓడిన పోరాటాలే రేపటి గెలుపుకు విత్తనాలు అని. చప్పట్లు కొట్టారు. వెనక వరుసలోంచి ఒక ముసలి వ్యవసాయ కూలీ లేచి, "ఇత్తనం అన్నారు, బాగానే ఉందండి. మరి ఎయ్యడానికి నేల ఏదండీ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని జవాబు చెప్పలేకపోయాను. ఆలస్యంగానైనా ఆ జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

మొట్టమొదట ఒక గందరగోళం తొలగించుకోవాలి. సైనికపరమైన ఓటమి అన్నప్పుడు మనం రెండు వేర్వేరు విషయాలను ఒకే మాటతో పిలుస్తున్నాం. ఒకటి, పాలకుల సైన్యం ఓడిపోవడం. రెండోది, ఉద్యమమే ఓడిపోవడం. రెండింటి ఫలితాలూ ఒకటి కావు.

పాలకుల సైన్యం ఓడితే పాత అధికారం కూలుతుంది. కూలిన చోటికి ఎవరు వస్తారనేది వేరే ప్రశ్న. 1323లో ఓరుగల్లు పడిపోయిన తర్వాత తెలుగు దేశంలో ముసునూరి నాయకులు తలెత్తారు. కోరుకొండ నేలిన ముమ్మడి నాయకుడు ఆ కాలపువాడే. పాలకులు మారారు, పన్ను కట్టే రైతు పన్ను కడుతూనే ఉన్నాడు. విప్లవమంటే ఇది కాదు గదా.

ఆధునిక కాలంలో రష్యాను చూడండి. 1905లో జపాన్ చేతిలో జారు ఓడాడు, విప్లవం లేచింది. కాని సైన్యంలో అత్యధిక భాగం జారు చేతిలోనే మిగిలింది. దానితోనే తిరుగుబాటును అణచాడు. 1917లో అలా కాలేదు. మూడేళ్ళ యుద్ధంలో నలిగిపోయిన సైనికుడు - అంటే యూనిఫాం తొడిగిన రైతు - తుపాకిని ఎటు తిప్పాలో తానే నిర్ణయించుకున్నాడు. అంచేత ఓటమి ఎంత పెద్దది అన్నది కాదు, ఆ ఓటమి సైన్యం లోపల ఏం చేసింది అన్నదే ముఖ్యం. పారిస్ కమ్యూన్ అనుభవం దీనికి మరో పార్శ్వం. 1870లో సెడాన్ వద్ద ఫ్రెంచి చక్రవర్తి ఓడాడు, 1871 మార్చిలో పారిస్ శ్రామికులు అధికారం చేతికి తీసుకున్నారు. కాని వెర్సాయిలో మరో సైన్యం కూడుకుంది. జర్మనీ వదిలిపెట్టిన యుద్ధఖైదీలు అందులో చేరారు. మే చివరికి కమ్యూన్ నెత్తుట మునిగింది.

మన తెలంగాణా సంగతి దీనికి చాలా దగ్గర. 1946 నుంచి సాగిన రైతాంగ పోరాటం సుమారు మూడువేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు నిలబెట్టిందనీ, పది లక్షల ఎకరాలు పంచిందనీ ఆ పోరాట నాయకులే రాశారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. దొరలను కాపాడిన రజాకార్ల బలం అయిదు రోజుల్లో మాయమైంది. మరి అధికారం సంఘం చేతికి ఎందుకు రాలేదు? నిజాంను ఓడించినది సంఘం దళాలు కావు గనుక. ఓడించిన సైన్యం అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. పైగా చాలామంది ప్రజల కళ్ళకు అది విమోచకుల సైన్యం. పారిపోయిన దొరలు దాని వెనకే గడీలకు తిరిగొచ్చారు.

ఇక రెండో రకం ఓటమి. గెలిచిన రాజ్యం తుపాకితో ఊరుకోదు. తిరుగుబాటు కోర్కెల్లో ఒకటి రెండు తానే తీరుస్తుంది. కోరుకొండ మీదుగా గోకవరం, రంపచోడవరం పోయే దారి ఈ పాఠాన్ని మనకు ఎప్పుడో చెప్పింది. 1879 రంప పితూరీకి మూలం మునసబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను. పితూరీని అణచిన ప్రభుత్వమే తర్వాత మునసబుదారును తొలగించి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. 1922-24లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటాన్ని మలబారు పోలీసులతో, అస్సాం రైఫిల్స్‌తో అణచారు. కొండ లేచింది గాని మైదానం లేవలేదు. హైదరాబాదులోనూ ఇంతే. దళాలను వేటాడుతున్న సైనిక ప్రభుత్వమే 1949 ఆగస్టులో జాగీర్దారీని రద్దు చేసింది. ఓడిన పోరాటం చట్టంలోకి ఎక్కింది. ఎక్కించిన కీర్తి మాత్రం గెలిచినవాడిది.

1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. కొద్ది నెలల్లోనే ఎన్నికలు. హైదరాబాదు శాసనసభలో పి.డి.ఎఫ్. 42 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చిన వాటికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. సైనికంగా ఓడిన ఉద్యమానికి ఇంత బలం ఎక్కడిది? గ్రామంలో వెట్టిని ఆపినవాడెవడో, భూమి పంచినవాడెవడో జనానికి తెలుసు. తుపాకి ఓడింది గాని ఆ సంబంధం ఓడలేదు. ఇదీ విత్తనమన్న మాటలోని నిజం.

అయితే ఇక్కడే ఆగిపోతే నేను మళ్ళీ చప్పట్ల కోసం మాట్లాడినట్టే. 1955లో ఆంధ్ర రాష్ట్రం ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చాయి. 196 స్థానాల్లో దక్కినవి 15. రెండేళ్ళకు, 1957లో, కేరళలో దాదాపు 35 శాతం ఓట్లతో 60 స్థానాలు గెలిచి, స్వతంత్రుల మద్దతుతో ప్రభుత్వమే ఏర్పరచారు. అక్కడా 1946లో పున్నప్ర - వయలార్ తిరుగుబాటును తిరువాన్కూరు సైన్యం తుడిచిపెట్టింది. ఓటమి రెండు చోట్లా ఉంది, త్యాగమూ ఉంది. మరి తేడా ఎక్కడ? ఓట్లలో ఉన్న తేడా నాలుగు శాతం. అసలు తేడా ఎదుటి పక్షంలో ఉంది. ఇక్కడ కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ఇతరులు ఒకే కూటమిగా నిలబడ్డారు. అక్కడ కాంగ్రెసు ఒకవైపు, ప్రజా సోషలిస్టులు, ముస్లిం లీగు మరోవైపు నిలిచి తమలో తామే ఓట్లు చీల్చుకున్నారు. అమరుల నెత్తురు కొలిచి అధికారం ఎవరూ పంచిపెట్టరు. ఎవరు ఎవరితో కలిశారన్నది కొలిచే అది దక్కుతుంది.

మన రచయితలు ఈ భాగాన్ని రాయరు. కొండ మీద ఒరిగిన వీరుణ్ణి రాస్తాం. ఆ మర్నాడు గడీకి తిరిగొచ్చిన దొరను, పంచిన చెక్క మళ్ళీ పోగొట్టుకున్న పాలేరును రాయం. ఓటమిని అందంగా చెప్పడం అలవాటైన కొద్దీ ఎందుకు ఓడామని అడగడం మరిచిపోతాం. నష్టపోయేది సాహిత్యం ఒక్కటే కాదు. అదే తప్పు మళ్ళీ చేసే ఉద్యమం కూడా.

ఆ పెద్దాయన మళ్ళీ కనిపిస్తే ఇలా చెబుతాను: నేలంటే పోరాటం పోయాక కూడా ఊళ్ళో నిలిచే సంఘం, కొండతో కలిసొచ్చే మైదానం, ఎదుటివాడి బలగంలో పడే చీలిక. అవి ఉన్నచోట విత్తనం మొలిచింది. లేనిచోట ఎండలో మాడిపోయింది. సగం జవాబే ఇది. మిగతా సగం ఆయన్ని అడిగి తెలుసుకోవాలి: పంచిన భూమిని నిలబెట్టుకోవడానికి ఊళ్ళో ఏమేం కావాలో నాకంటే ఆయనకే బాగా తెలుసు.