ఆర్‌ఎక్స్ 100ని మేపడం కష్టమేం కాదు

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. అయినా కుర్రాళ్ల కళ్లు ఇంకా దాని మీదే! 98 సి.సి. ఇంజను 11 హార్స్‌పవర్ ఇస్తుందంటే మాటలా? "మేపలేమురా బాబూ" అనే మిత్రులకు ఒక్క మాట. ఇది టూ స్ట్రోక్ ఇంజను. మా పొలాల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు చాలావాటిలో ఉండేదీ ఈ రకమే. కామ్‌షాఫ్టు గొడవ లేదు, విప్పి బిగించడం తేలిక.

పెట్రోలుతోపాటు ఆయిలూ మండుతుంది గనుక మసి పడుతుంది. అదే అసలు శత్రువు. అందుకే అప్పుడప్పుడు ప్లగ్ విప్పి చూడాలి. కొస బిస్కెట్ రంగులో ఉంటే ఇంజను బాగున్నట్టే. నల్లగా తడిగా ఉంటే ఆయిలో, పెట్రోలో ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతోందన్నమాట. ఇది ప్రమాదం. సైలెన్సరు లోపలి గొట్టం లాగి మసి గీకితే పోయిన పికప్ తిరిగొస్తుంది. వీటన్నిటికీ కావలసింది ప్లగ్ స్పానరు, స్క్రూడ్రైవరు, పాత గుడ్డ, ఒక ఆదివారం.

టూటీ ఆయిల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అది చాలకపోతే పిస్టను సిలిండర్లో పట్టేస్తుంది. రీబోరింగు మిషన్ మీద చేయాల్సిన పని, మన చేతిది కాదు. మిగిల్చిన డబ్బంతా అక్కడే పోతుంది. మేత తగ్గించి ఎద్దుచేత దుక్కి దున్నించలేం గదా!