మిద్దె లేనోళ్లకు సూర్యుడు లేడా?

ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకుంటే నెలకు 300 యూనిట్ల దాకా కరెంటు ఉచితమంటూ కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకాన్ని తెచ్చింది. కోటి ఇళ్లు లక్ష్యమన్నది. 75,021 కోట్ల రూపాయలు ఖర్చు పెడతానన్నది. ఇది ప్రజల డబ్బు. అగ్గిపెట్టె కొన్న కూలోడు కట్టిన పన్ను కూడా అందులో ఉన్నది. కాబట్టి ఈ డబ్బు ఎవరి ఇంటికి పోతున్నదో అడిగే హక్కు మనకున్నది.

ముందు లెక్క చూద్దాం. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు లేక అంతకు మించితే 78 వేల రూపాయలు రాయితీ. సర్కారు వేసుకున్న ధర ప్రకారమే మూడు కిలోవాట్లకు 1,45,000 అవుతుంది. అంటే 67 వేలు ఇంటాయన పెట్టుకోవాలి. పైగా రాయితీ ముందు రాదు. పలకలు బిగించి, మీటరు మార్చి, అధికారులు చూసిపోయాకనే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా చేతి డబ్బో, బ్యాంకు అప్పో కావాలి. వీటన్నిటికంటే ముందు సొంత ఇల్లు, పలకలను మోసే గట్టి కప్పు ఉండాలి.

ఇవన్నీ ఉన్నోళ్లు ఎక్కడున్నారు? హైటెక్ సిటీ చుట్టుపక్కల చూడండి. 1998 నవంబరు 22న వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ చాలావరకు రాళ్లూ రప్పలూ, మెట్ట చేలూ ఉన్న పల్లెలు. ఇప్పుడక్కడ కోట్ల రూపాయల విల్లాలు, ఆకాశమెత్తు అపార్టుమెంట్లు. నెలకు 500 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకుందాం. 2022లో పెంచిన ధరల ప్రకారం వాడకం బిల్లే సుమారు 3,640 రూపాయలు. మూడు కిలోవాట్ల పలకలు రోజుకు 12 యూనిట్ల లెక్కన నెలకు 360 ఇస్తే, బిల్లుకు మిగిలేది 140 యూనిట్లే. నెలకు మూడు వేలు మిగులు. రెండేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. పలకలేమో పాతికేళ్లు పనిచేస్తాయి. అపార్టుమెంటు సంఘాలకు మరో వరం: లిఫ్టులు, వరండా దీపాలు, కార్ల చార్జింగు కోసం పెట్టే పలకలకు కిలోవాటుకు 18 వేల చొప్పున 500 కిలోవాట్ల దాకా రాయితీ. పెద్ద సంఘానికి ఇది 90 లక్షల దాకా పోవచ్చు!

ఆ మిద్దెలకు స్లాబు పోసిందెవరు? సెంట్రింగు కొట్టిందెవరు? పాలమూరు నుంచి, ఒడిశా, బీహార్ నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చిన కూలీలు. వాళ్ల కాపురం రేకుల షెడ్లలో, ఇరుకు కిరాయి గదుల్లో. కప్పు ఓనరుది, మీటరు ఓనరుది. ఓనరు సోలార్ పెట్టి తన బిల్లు తగ్గించుకున్నా, కిరాయిదారు దగ్గర యూనిట్‌కు పాత రేటే గుంజితే ఆపేదెవరు? ఊర్లో ఉన్న ఇంటి సంగతి చూద్దామంటే అదీ రేకులదే. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. బల్బు, ఫ్యాను, టీవీ వాడే ఇంటికి అది సరిపోతుంది. అలాంటోళ్లకు 67 వేలు అప్పు చేసి సోలార్ పెట్టుకొమ్మనడం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

ఇందులో ఇంకో మెలిక ఉన్నది. ఎక్కువ కాల్చేవాళ్ల దగ్గర ఎక్కువ ధర తీసుకొని, ఆ సొమ్ముతో పేదల కరెంటు ధర తక్కువగా ఉంచడం మన పద్ధతి. ఆ పెద్ద బిల్లులే సగానికి సగం పడిపోతే పంపిణీ సంస్థల ఖజానాకు గండి పడుతుంది. ఆ గండి ఎవరి నెత్తిన పూడుస్తారు? కరెంటు చార్జీల పెంపును ఎదిరించినందుకు 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు నేలకొరిగారు. ఆ నెత్తుటి పాఠం మరవరాదు.

అయితే సోలార్‌నే వద్దంటామా? అనం. బొగ్గు కాల్చకుండా వచ్చే కరెంటు మంచిదే. ఎండలో మాడేది మనమే, ఎండ లాభం మాత్రం మిద్దె ఉన్నోళ్లకేనా అన్నదే మన తగాదా.

దీనికి దారి లేక కాదు. ఒకచోట పలకలు పెట్టి, ఆ యూనిట్లను పది ఇళ్ల బిల్లుల్లో తగ్గించే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నిబంధనలు వచ్చాయి. మిద్దె మీద పండిన కరెంటు ఆ ఇంట్లోని కిరాయిదార్లకు చేరేలా జర్మనీ 2017లో చట్టం చేసింది. సూర్యఘర్‌లో కూడా పంపిణీ సంస్థే పూనుకొని ఇళ్లకు పలకలు పెట్టే వీలున్నది. సర్కారు తలుచుకుంటే రైతు వాటా లేకుండా కూడా ఇవ్వవచ్చునని ఇందిర సౌర గిరి జల వికాసం చెబుతున్నది. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభించిన ఆ పథకంలో గిరిజన రైతులకు సోలార్ పంపులు పూర్తి ఉచితమన్నారు. రైతు పొలానికి ఇచ్చింది కూలీ ఇంటికి ఎందుకివ్వరు?

అందుకే మనం అడగాల్సినవి ఇవి. బడులు, పంచాయతీ ఆఫీసులు, కార్మిక కాలనీల మిద్దెల మీద సర్కారు ఖర్చుతోనే పలకలు పెట్టాలి. ఆ కరెంటును కప్పు లేని ఇళ్ల లెక్కలో వేయాలి. వాటా సొమ్ము పేదల నుంచి ముందు అడగరాదు. సోలార్ పెట్టిన ఓనరు కిరాయిదారు దగ్గర ఇష్టమొచ్చిన రేటు వసూలు చేయకుండా నిబంధన రావాలి. పంపిణీ సంస్థల నష్టాన్ని చిన్న మీటర్ల మీద రుద్దరాదు.

ప్రతి ఏటా చార్జీలు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడికి పరిశ్రమల వాళ్లు లెక్కలతో పోతారు. కూలి సంఘాలు కూడా పోవాలి. గ్రామసభలో, అడ్డా మీద ఈ రాయితీ లెక్కను జనానికి విడమరిచి చెప్పి, సంతకాలు తీసుకొని పోవాలి. అడగందే అమ్మయినా పెట్టదు, సర్కారు పెడుతుందా?