ఇల్లు మారినా బీమా చేజారరాదు

ఎర్రగుంట్ల: సిమెంటు కర్మాగారాలు, సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కుటుంబాలు బదిలీల వల్లనో, పిల్లల చదువుల కోసమో ఇల్లు మారేది ఎక్కువగా వేసవిలోనే. సామాను లెక్కగా సర్దుకునేవారు సైతం బీమా సంగతి మరచిపోతుంటారు.

ఖాతా మూస్తే బీమా రద్దు: ప్రధానమంత్రి సురక్షా బీమాకు రూ.20, జీవన్‌జ్యోతి బీమాకు రూ.436 చొప్పున ఏటా మే నెలాఖరులో బ్యాంకు ఖాతా నుంచి మినహాయిస్తారు. ఒక్కొక్కటి రూ.2 లక్షల బీమా. జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు వర్తిస్తుంది. పాత ఊరి ఖాతాను మూసివేసినా, అందులో తగిన సొమ్ము లేకున్నా బీమా ఆగిపోతుంది. జీవన్‌జ్యోతిలో తిరిగి చేరితే మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప పరిహారం రాదు. కనుక ఖాతాను మూయక, అదే బ్యాంకుకు కొత్త ఊరిలో ఉన్న శాఖకు మార్పించుకోవడం మేలు.

ఎల్ఐసీ పాలసీ: కొత్త చిరునామాను, ఫోన్ నంబరును శాఖలో నమోదు చేయించాలి. నెలవారీ ప్రీమియానికి గడువు దాటాక 15 రోజులే వెసులుబాటు.

వాహనం: చిరునామా మారిన 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. బీమా పత్రంలోనూ మార్పించుకోవాలి.

గృహబీమా: ఇది పాలసీలో రాసిన ఇంటికే పరిమితం. లారీలో తరలే సామానుకు రవాణా బీమా విడిగా తీసుకోవాలి.

పాలసీ పత్రాలను సామాను మూటల్లో వేయక చేతిసంచిలో ఉంచుకోవాలి. నామినీకి వాటి వివరాలు తెలిసి ఉండాలి. ఆపద వేళ కుటుంబానికి అక్కరకు వచ్చేవి అవే.