ముగ్గులో గ.సా.భా.

"లెక్కలు మాకు రావు" అని మన హాస్టల్లో చాలామంది అంటుంటారు. బయట కొందరైతే "వీళ్ళ జాతికి లెక్కలెక్కడివి" అంటారు. అది తప్పని ఒక మెలిక ముగ్గుతోనే చూపించవచ్చు.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా సంక్రాంతి నెలలో ఏ వాకిట చూసినా ముగ్గు ఉంటుంది. చుక్కల్ని కలిపి గీసేది ఒక రకం. చుక్కకు తగలకుండా దాని చుట్టూ తీగ తిప్పేది మెలిక ముగ్గు.

గీసే పద్ధతి: 3 వరసలు, వరసకు 4 చుక్కలు సమానంగా పెట్టండి. రెండు చుక్కల మధ్యగా తీగను ఏటవాలుగా లాగండి. చివరి చుక్క దాటాక, క్యారమ్ కాయ అంచుకు తగిలి మళ్ళినట్టు వంపు తిప్పి, మళ్ళీ ఏటవాలుగా రండి. చెయ్యి ఎత్తకుండానే మొదలుపెట్టిన చోటికి వస్తారు. చుక్కలన్నీ లోపల పడతాయి. ఒకే తీగ!

ఇప్పుడు 2 వరసలు, వరసకు 4 చుక్కలు పెట్టండి. తీగ మధ్యలోనే మూసుకుపోతుంది. ఇంకో తీగ కావాలి. 3 వరసలు, 3 చుక్కలైతే మూడు తీగలు కావాలి.

నియమం ఇదే: వరసల సంఖ్యకూ, వరసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో, తీగలు అన్ని.

ఎందుకు? తీగ అడ్డంగా పోయి రావాలి, నిలువుగా కూడా పోయి రావాలి. రెండూ ఒకేసారి పూర్తయితేనే మొదటి చోటికి చేరుతుంది. అలా రెండూ కలిసే చోటు క.సా.గు. కదా! అందుకని ఒక్కో తీగ క.సా.గు. ఎంతో అన్ని చుక్కలకు సరిపోతుంది. 2, 4ల క.సా.గు. 4. మొత్తం చుక్కలు 8. 8ని 4తో భాగిస్తే 2 తీగలు. రెండు సంఖ్యల లబ్ధాన్ని క.సా.గు.తో భాగిస్తే గ.సా.భా. వస్తుందని మన పుస్తకంలో ఉన్నది ఇదే.

పెద్ద పండితులు కూడా దీన్ని పట్టించుకున్నారు. తమిళులు ముగ్గును కోలం అంటారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ శిరోమణి, ఇంకో ఇద్దరితో కలిసి 1974లో కోలానికి వ్యాకరణం లాంటి నియమాలు రాసి ప్రచురించారు. ఆఫ్రికాలో అంగోలా దేశపు చోక్వే జనం ఇసుకలో చుక్కలు పెట్టి, వేలితో ఇలాంటి తీగలే గీసేవాళ్ళు. వాటిలో ఈ గ.సా.భా. నియమం ఉందని మొజాంబిక్‌లో పనిచేసిన పౌలుస్ గెర్డెస్ అనే గణిత శాస్త్రజ్ఞుడు రాశారు.

మాయమ్మ బడికి పోలేదు. వేలిముద్రే వేస్తుంది. అయినా చుక్కలు పెట్టగానే "ఇది ఒక్క తీగతో రాదు పాపా, రెండు పడతాయి" అని చెప్పేస్తుంది. సెలవులకు పోయినప్పుడు దాన్ని గ.సా.భా. అంటారని చెప్పాను. "దానికి పేరు కూడా ఉందా!" అని నవ్వింది. కాబట్టి లెక్కలు మన ఇళ్ళల్లో లేవని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

మీకో ప్రశ్న: 5 వరసలు, 6 చుక్కలైతే ఎన్ని తీగలు? 6 వరసలు, 9 చుక్కలైతే? ముందు చెప్పండి, తర్వాత సుద్దముక్కతో గీసి చూసుకోండి.

— 9వ తరగతి విద్యార్థిని